ఇంటి నిండా సామాను, తలుపు దాకా దారి లేదు: వస్తువులు పోగుచేసుకునే రుగ్మత, అగ్ని ప్రమాదం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్లో ఎక్కువ భాగం కొడుకులు, కూతుళ్ళు, కోడళ్ళు అడిగేవి. కొన్ని పక్కింటివాళ్ళవి. ఆ ఇంట్లో ఉంటున్న మనిషి అడిగే ప్రశ్న కూడా ఒకటుంది. ఇల్లు అద్దంలా సర్దడం ఎలాగో ఇక్కడ దొరకదు. ఆ ఇంట్లో మంట పుట్టకుండా, పుట్టినా మనిషి బయటపడేలా, ఈలోగా వారు మనతో మాటలు మానేయకుండా ఏం చేయవచ్చో మాత్రం రాశాం.

మా అమ్మ ఏదీ పారేయదు. ఇది జబ్బా, అలవాటా?

పారేయకపోవడం మన ఇళ్ళలో వింతేమీ కాదు. హార్లిక్స్ సీసాలో కందిపప్పు, శుభలేఖ వెనక పాల లెక్క, పాత చీరలతో కుట్టిన బొంత, అటక మీద పెళ్ళిళ్ళకు మాత్రమే దించే ఇత్తడి గుండిగలు. కొరత చూసిన తరానికి ఇది తెలివైన జీవన విధానం. అక్కడ వస్తువు కావాలంటే చేతికి దొరుకుతుంది, పనికొస్తుంది. గది గదిలాగే ఉంటుంది.

రుగ్మత వేరు. వస్తువు విలువ ఎంతైనా సరే, దాన్ని వదులుకోవాలంటే ఆ మనిషికి తట్టుకోలేనంత బాధ కలుగుతుంది. ఖాళీ పెరుగు డబ్బా విషయంలోనూ అంతే. దాంతో గదులు వాడకానికి పనికిరాకుండా పోతాయి: మంచం మీద పడుకోవడానికి చోటు ఉండదు, వంటింటి గట్టు మీద కూర తరగలేరు, స్నానాలగదిలో బకెట్లు, సంచులు పేరుకుపోతాయి. చుట్టాలను ఇంటికి పిలవడం మానేస్తారు. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయిని కూడా గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ఈ చివరి రెండు మార్పులను ఇంట్లోవాళ్ళు పట్టించుకోరు గానీ, చాలా ఇళ్ళలో ముందు బయటపడేవి అవే.

దీన్ని చాలాకాలం ఓసీడీలో, అంటే వద్దన్నా వదలని ఆలోచనలు, చేసిందే చేసే అలవాట్లు ఉండే రుగ్మతలో, ఒక భాగంగా చూశారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన మానసిక రుగ్మతల జాబితా డీఎస్ఎం-5లో దీన్ని ‘హోర్డింగ్ డిజార్డర్’ పేరుతో ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11లో కూడా ఇది ఉంది.

బద్ధకం కాదా? పిసినారితనం కాదా?

కాదు. బద్ధకస్తుడికి ఎవరైనా వచ్చి సర్దిపెడితే సంతోషం. ఈ మనిషికి అది దుఃఖం. పిసినారి డబ్బు దాచుకుంటాడు. ఇక్కడ డబ్బు ఖర్చుపెట్టి మరీ, ఇంట్లో ఇప్పటికే నాలుగున్న గొడుగు ఐదోది కొంటారు.

ఎందుకు వస్తుంది?

ఒకే కారణం చెప్పేవారిని నమ్మకండి. ఈ అలవాటు కుటుంబాల్లో నడుస్తుంది. బాధితుల్లో దాదాపు సగం మందికి ఇలాగే పోగుచేసే దగ్గరి బంధువు ఉంటారు. లక్షణాలు తరచుగా పదకొండు నుంచి పదిహేనేళ్ళ మధ్య సన్నగా మొదలై, ముప్పై దాటాక జీవితానికి అడ్డుపడి, యాభై తర్వాత గానీ వైద్యుడి దాకా రావు. మధ్యలో అమ్మ ఉంటుంది, తర్వాత భార్యో భర్తో ఉంటారు. వాళ్ళు వెనకాలే తిరుగుతూ తీస్తూ ఉంటారు కాబట్టి బయటపడదు. ఆ తీసే మనిషి పోయాక ఇల్లు నిండిపోతుంది. ఆత్మీయుల మరణం, విడాకులు, ఇల్లు మారడం లాంటివి దీన్ని ఒక్కసారిగా పెంచడం చాలామందిలో కనిపిస్తుంది.

నిర్ణయం తీసుకోలేకపోవడం కూడా ఇందులో పెద్ద భాగం. ఒక కాగితం చేతిలోకి తీసుకుంటే ఉంచాలా, తీయాలా, ఎక్కడ పెట్టాలి అని మనకు రెండు క్షణాల్లో తేలుతుంది. వారికి తేలదు. తేలనిది కుప్ప పైకి వెళ్తుంది. కుంగుబాటు, ఆందోళన కూడా చాలామందిలో తోడుగా ఉంటాయి. నిజానికి ఎక్కువమంది వైద్యుడి దగ్గరికి వెళ్ళేది వాటి కోసమే, సామాను కోసం కాదు.

సామాను ఎక్కువ ఉంటే చికాకు సరే, అగ్ని ప్రమాదం దాకా ఎందుకు వెళ్తున్నారు?

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ అగ్నిమాపక విభాగం తన పదేళ్ళ రికార్డులను పరిశీలించి 2009లో ఒక నివేదిక ఇచ్చింది. ఇళ్ళలో జరిగిన అగ్ని ప్రమాదాల్లో ఇలాంటి ఇళ్ళవి 0.25 శాతమే. కానీ నివారించగలిగిన అగ్ని ప్రమాద మరణాల్లో 24 శాతం ఆ ఇళ్ళలోనే జరిగాయి. అలాంటి ఇంట్లో మంట పుడితే బతికి బయటపడే అవకాశం ఎంత తగ్గిపోతుందో ఆ రెండు అంకెల మధ్య తేడా చెబుతుంది.

కారణాలు నాలుగు. మొదటిది, కాలడానికి సరుకు ఎక్కువ. కాగితం, బట్టలు, ప్లాస్టిక్, స్పాంజి పరుపులు గోడ నుంచి గోడకు ఉంటే మంట ఒక మూల ఆగదు. రెండోది, మంట పుట్టించేవి సరుకుకు ఆనుకునే ఉంటాయి: స్టవ్ పక్కన పాలిథిన్ సంచుల మూట, బట్టల కుప్ప కింద నుంచి పోయే ఎక్స్‌టెన్షన్ తీగ, పాత పత్రికల కట్టల మధ్య దేవుడి దీపం. మూడోది, మనిషి బయటికి రాలేడు. రాత్రి, పొగలో, కరెంటు పోయాక, డెబ్బై ఏళ్ళ మనిషి అడుగు వెడల్పు దారిలో పక్కకు తిరిగి నడవాలి. నాలుగోది ఎవరికీ తట్టదు: అగ్నిమాపక సిబ్బంది లోపలికి రాలేరు. గొట్టం లాగడానికి చోటుండదు. పోసిన నీళ్ళను కాగితాల కట్టలు పీల్చుకుని బరువెక్కి కూలతాయి. గట్టిగా కట్టిన కాగితాల దొంతర్లు లోపల గంటల తరబడి నివురు కింద కాలుతూ మళ్ళీ రాజుకుంటాయి.

కుప్ప కూలడం మామూలు విషయం కాదు. 1947 మార్చిలో న్యూయార్క్‌లోని హార్లెంలో కోల్యర్ సోదరుల ఇంట్లో జరిగింది అదే. చూపులేని అన్న హోమర్‌కు తిండి తీసుకెళ్తూ తమ్ముడు లాంగ్లీ తన సొంత కుప్ప కింద పడి చనిపోయాడు. తిండి అందక అన్న కూడా పోయాడు. ఆ ఇంట్లోంచి వంద టన్నులకు పైగా సామాను తీశారు. ఇలా నిండిపోయిన ఇళ్ళను అక్కడి అగ్నిమాపక సిబ్బంది ఇప్పటికీ ‘కోల్యర్ ఇల్లు’ అనే పిలుస్తారు.

బయటికి దారి ఒక్కటే ఉండి అదీ ఇరుకైతే ఏమవుతుందో హైదరాబాద్‌కు వేరే చెప్పనక్కర్లేదు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే కుటుంబానికి చెందిన 17 మంది చనిపోయారు. అది పోగుచేసుకునే ఇల్లు కాదు. కానీ ఇరుకైన మెట్లు, నిండిన పొగ ఏం చేస్తాయో అక్కడ చూశాం. మంచి ఇంటికే అలా జరిగితే, దారిని మన చేతులతో మూసుకున్న ఇంటి సంగతి ఆలోచించండి.

ఎంత నిండితే ప్రమాదం అనుకోవాలి?

దీనికి ఒక కొలత ఉంది. 2008లో అమెరికా పరిశోధకులు వంటగది, పడకగది, ముందుగది ఒక్కోదానికి తొమ్మిదేసి ఫోటోలు తయారుచేశారు: ఒకటోది ఖాళీ గది, తొమ్మిదోది పైకప్పు దాకా నిండిన గది. మన గది ఏ ఫోటోలా ఉందో చూసి అంకె చెబితే చాలు. నాలుగు, అంతకు మించితే సాయం అవసరమని అర్థం. బ్రిటన్‌లో అగ్నిమాపక సిబ్బంది, సామాజిక కార్యకర్తలు ఇదే వాడతారు. ఇందులో సుగుణం ఏమిటంటే ‘చెత్త ఇల్లు’, ‘దరిద్రం’ లాంటి మాటలు అక్కర్లేకుండా ‘ఆరు నుంచి ఐదుకు వచ్చాం’ అని మాట్లాడుకోవచ్చు.

ఫోటోలు లేకపోయినా ఒక పరీక్ష చేయండి. రాత్రి దీపాలు ఆర్పేసి మంచం దగ్గర నుంచి వీధి తలుపు దాకా నడవండి. కాలికి ఏదైనా తగిలితే, తలుపు పూర్తిగా తెరుచుకోకపోతే, తాళంచెవి వెతకాల్సి వస్తే, మిగతా ఇల్లు ఎలా ఉన్నా మీరు ఈ వారమే పని మొదలుపెట్టాలి.

మరి ముందు ఏం చేయాలి? ఎక్కడ చూసినా కుప్పలే.

ఇల్లు ఖాళీ చేయాలన్న ఆలోచన పక్కన పెట్టండి. మొదటి లక్ష్యం ప్రాణం. దీనికి వస్తువులు పారేయక్కర్లేదు, చోటు మారిస్తే చాలు. ఈ ఒక్క మాటతో సగం గొడవ తగ్గుతుంది: ‘ఏదీ పారేయడం లేదు, పక్కకు జరుపుతున్నాం.’

దారితో మొదలుపెట్టండి. పడుకునే చోటు నుంచి వీధి తలుపు దాకా దాదాపు మూడడుగుల వెడల్పు దారి, మధ్యలో ఏమీ లేకుండా. దారికి రెండు వైపులా కుప్పలు నడుము ఎత్తు దాటకూడదు. దాటితే అవి పడి దారి మళ్ళీ మూసుకుపోతుంది. కిటికీకి గ్రిల్లు ఉంటే అది బయటపడే దారి కాదని గుర్తుంచుకోండి. ఇనుప గ్రిల్ తలుపుకు లోపలి నుంచి తాళం వేసే అలవాటు ఉంటే తాళంచెవి ఆ తలుపు పక్కనే మేకుకు వేలాడాలి. రోజూ, ఒకే మేకుకు.

తర్వాత వంటిల్లు. స్టవ్ చుట్టూ మూడడుగుల మేర కాగితం, గుడ్డ, ప్లాస్టిక్ ఉండకూడదు. స్టవ్ పైన అలమరలోంచి వేలాడే సంచులు తీసేయాలి. ఇంట్లో వాడే గ్యాస్ బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. అది గాలి కంటే బరువు కాబట్టి కారితే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. నేలంతా సంచులు, డబ్బాలు ఉన్న వంటింట్లో అది వాటి సందుల్లో నిలిచిపోతుంది. వాసన కూడా ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే బండ చుట్టూ ఖాళీ కావాలి, రెగ్యులేటర్ చేతికి అందాలి, వంటయ్యాక కట్టేయాలి. గొట్టం మీద ముద్రించిన గడువు ఓసారి చూడండి. ఇలాంటి ఇళ్ళలో అది ఏళ్ళ కిందటే దాటిపోయి ఉంటుంది, ఎందుకంటే మెకానిక్‌ను లోపలికి రానివ్వరు.

మూడోది కరెంటు. ఒక బోర్డులోంచి ఇంకో బోర్డు, అందులోంచి మరొకటి వేసి ఉంటే విడదీయండి. బట్టల కింద, పరుపు కింద, కార్పెట్ కింద తీగలు ఉండకూడదు, వేడి పోయే దారి ఉండదు. ఎంసీబీ ఉంది కదా అనే ధీమా వద్దు. అది ఎక్కువ కరెంటు పారితే పడిపోతుంది గానీ, వదులైన ప్లగ్గు దగ్గర నిప్పు పుడుతుంటే చాలాసార్లు కదలదు. ప్లగ్గు నల్లబడినా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా మార్చేయాలి. ఫ్రిజ్ వెనక గాలి ఆడాలి. ఇన్వర్టర్ బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, దాని మీద పాత పేపర్లు పేర్చడం ఎంత మామూలో అంత ప్రమాదం. విద్యుత్ స్కూటర్ బ్యాటరీని బయటికి వెళ్ళే దారిలో చార్జింగ్ పెట్టకండి. మంట అక్కడే మొదలైతే తప్పించుకునే మార్గమే ముందు పోతుంది.

ఇక దీపం. ఇది నాజూకైన విషయం. దీపారాధన మానేయమని పెద్దవాళ్ళకు చెబితే ఆ సంభాషణ అక్కడితో ముగుస్తుంది, చెప్పకూడదు కూడా. కుందిని వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలో పెట్టండి, దేవుడి అలమరలో పైన గుడ్డ తోరణాలు, పాత క్యాలెండర్లు తీసి వేరేచోట భద్రపరచండి, దీపం కొండెక్కాకే గది విడిచి వెళ్ళేలా ఒప్పందం చేసుకోండి. అగరొత్తి గుచ్చడానికి అరటిపండు బదులు బూడిద పట్టే పీట. దోమల చుట్ట వాడితే దాన్నీ పళ్ళెంలోనే, మంచానికి దూరంగా. వీలైతే దోమతెర కట్టి చుట్ట మాన్పించడం మేలు. బీడీ, సిగరెట్ ఉంటే ఇంటి లోపల కాల్చకూడదు, అందులో రాజీ లేదు.

పొగ పసిగట్టి మోగే చిన్న యంత్రాలు, బ్యాటరీతో నడిచేవి, మన దగ్గర ఇళ్ళలో పెట్టుకోవడం అరుదు. ఇలాంటి ఇంటికి మాత్రం అది ఖర్చు కాదు. పడకగది బయట పైకప్పుకు ఒకటి పెట్టండి. సామాను ఎంత ఉన్నా పైకప్పు ఖాళీయే కదా.

మా నాన్న ఊరెళ్ళినప్పుడు మొత్తం తీయించేస్తే ఒక్కరోజులో తెమిలిపోతుంది కదా?

ఒక్కరోజులో తెమిలేది సామాను. మీ నాన్నగారి నమ్మకం కూడా దాంతోనే పోతుంది. తిరిగొచ్చాక ఆయన పడే బాధ దొంగలు పడిన ఇంటివాళ్ళ బాధకు తక్కువ కాదు. ఆ తర్వాత తాళాలు మారతాయి, మిమ్మల్ని లోపలికి రానివ్వరు, ఇల్లు మునుపటి కంటే వేగంగా నిండుతుంది. రుగ్మత మనిషిలో ఉంది, సామానులో లేదు.

తీయక తప్పని సందర్భాలు ఉన్నాయి: గోడ కూలేలా ఉంది, కుళ్ళిన తిండికి పురుగులు పట్టాయి, గ్యాస్ కారుతోంది. అప్పుడు కూడా ఆయన ఎదురుగా, ఏం తీస్తున్నామో చెప్పి, ప్రమాదానికి కారణమైనంత వరకే తీయండి.

మాట ఎలా మొదలుపెట్టాలి? నోరెత్తితే గొడవే.

మీరు వాడే పేర్లు మార్చండి. ‘చెత్త’, ‘తుక్కు’, ‘పిచ్చి’ వద్దు. వారు ‘నా పుస్తకాలు’ అంటే మీరూ పుస్తకాలనే అనండి. సామాను గురించి వాదిస్తే ఓడిపోతారు, ఎందుకంటే ప్రతి వస్తువుకూ వారి దగ్గర ఒక కారణం ఉంది. వారి క్షేమం గురించి మాట్లాడితే వినే అవకాశం ఉంది. ఇలా:

‘నాన్నా, మొన్న రాత్రి కరెంటు పోయినప్పుడు మీరు బాత్రూంకి ఎలా వెళ్ళారు?’

‘గోడ పట్టుకుని వెళ్ళాను. ఏమైంది ఇప్పుడు?’

‘ఏం కాలేదు. నాకే భయమేసింది. ఈ ఒక్క వరస పేపర్లు అటు గదిలోకి జరుపుదామా? ఏ కట్ట ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి.’

‘ఒక్క కాగితం కూడా పోకూడదు.’

‘పోదు. మీరు కుర్చీ వేసుకుని కూర్చోండి, నేను మోస్తాను.’

ఇక్కడ గమనించాల్సింది: ముట్టుకునే ముందు అడిగారు, చోటు ఆయనే చూపించారు, పని చిన్నది. అరగంటలో ఆపేయండి. ఇంకాస్త చేద్దాం అనే మీ ఉత్సాహమే మర్నాటికి అడ్డం అవుతుంది.

అమెరికాలో ఉంటాను. మూడు వారాల సెలవు మీద వస్తున్నాను. ఆ మూడు వారాల్లో ఏం చేయగలను?

చాలా కుటుంబాల్లో తగవు ఇక్కడే ముదురుతుంది. విమానం దిగిన రెండో రోజున పెద్ద నల్ల సంచులు తెప్పిస్తారు, మూడో రోజున అమ్మ భోజనం మానేస్తుంది. ఆ మూడు వారాల్లో సామాను తీయడం మీ పని కాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి తీగలు చూపించండి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి, గ్యాస్ గొట్టం మార్పించండి, పొగ యంత్రం బిగించండి, మంచం నుంచి తలుపు దాకా దారి తెరవండి. అమ్మను మధుమేహం పరీక్షకు తీసుకెళ్ళినట్టే డాక్టరు దగ్గరికి ఒకసారి తీసుకెళ్ళండి. పక్కింటివారికి ఒక తాళంచెవి, మీ ఫోను నంబరు ఇవ్వండి, అమ్మకు చెప్పే. తర్వాత వీడియో కాల్‌లో వారానికి ఒకసారి, ఇద్దరూ కలిసి ఒక డబ్బా చూడండి. దూరం ఒకరకంగా మంచిది: చేయి వేయలేరు కాబట్టి అడిగి తీరాలి.

చికిత్స ఉందా? మందులు?

దీనికంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు. తోడుగా ఉన్న కుంగుబాటుకో, ఆందోళనకో మందు ఇస్తే మనిషికి కాస్త ఓపిక వచ్చి మిగతా పని నడుస్తుంది. ఎక్కువ ఆధారాలున్నది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి, అంటే ఆలోచనా తీరును, అలవాటును కలిపి మార్చే మానసిక చికిత్సకు. ఇందులో వస్తువును చేతిలోకి తీసుకుని నిర్ణయం తీసుకోవడం అభ్యాసం చేయిస్తారు. కొనకుండా, ఏరుకోకుండా తిరిగి రావడం కూడా అభ్యాసమే: ఎగ్జిబిషన్‌కు వెళ్ళి ఉత్త చేతులతో ఇంటికి రావడం చాలామందికి పెద్ద పరీక్ష. నెలల తరబడి సాగుతుంది. ఇల్లు పూర్తిగా ఖాళీ అయిపోవడం అరుదు. పైన చెప్పిన ఫోటోల కొలతలో ఏడు ఉన్నది నాలుగైతే అది మంచి ఫలితం కిందే లెక్క.

ఎవరిని సంప్రదించాలి?

టెలి-మానస్, 14416. 2022 అక్టోబరు 10న మొదలైన కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ, ఉచితం, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. బాధితులే చేయనక్కర్లేదు, ఇంట్లోవాళ్ళు కూడా చేయవచ్చు. పెద్ద వయసు వారి సమస్యలకు ఎల్డర్‌లైన్ 14567. ఆసుపత్రుల్లో హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, జిల్లా ఆసుపత్రుల్లోని మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక విభాగం ఉంది. ఎర్రగడ్డ అనగానే ముఖం చిట్లించుకునే అలవాటు మనకుంది. అక్కడ బయటి రోగుల విభాగంలో చూపించుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేవారే ఎక్కువ.

గ్యాస్ కారితే 1906. మంటలకు 101 లేదా 112.

డాక్టరు దగ్గరికి రానంటున్నారు. బలవంతంగా తీసుకెళ్ళవచ్చా?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, సమాచారం అర్థం చేసుకుని నిర్ణయం చెప్పగలిగిన వ్యక్తి తన చికిత్సను తానే నిర్ణయించుకుంటారు. ఇతరులకు ఆ నిర్ణయం తప్పుగా కనిపించినంత మాత్రాన ఆ సామర్థ్యం లేదనడానికి వీల్లేదని చట్టం నాలుగో సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. 89వ సెక్షన్ కింద తాను నియమించుకున్న ప్రతినిధి ద్వారా ఆసుపత్రిలో చేర్చే మార్గం ఉన్నా అది తీవ్రమైన పరిస్థితులకు, వైద్యుల నిర్ధారణతో మాత్రమే. ఇల్లు నిండిపోయిందన్న కారణానికి కాదు.

కాబట్టి రావడానికి వారికి నచ్చే కారణం వెతకండి. నిద్ర పట్టకపోవడం, మోకాళ్ళ నొప్పులు, జ్ఞాపకశక్తి. కుటుంబ వైద్యుడికి ముందే ఫోను చేసి విషయం చెప్పండి. వారు రాకపోయినా మీరొక్కరే వెళ్ళి సలహా తీసుకోవచ్చు, దాని విలువ తక్కువేం కాదు.

ఇదంతా డెబ్బై దాటాకే మొదలైంది. ముందు ఆయన చాలా శుభ్రంగా ఉండేవారు.

అయితే ఆలస్యం చేయకండి. పెద్ద వయసులో హఠాత్తుగా మొదలైతే డిమెన్షియా (మతి మందగించే జబ్బు), ముఖ్యంగా మెదడు ముందు భాగాన్ని దెబ్బతీసే రకం ఉందేమో నాడీ వైద్యుడు చూడాలి. స్నానం, బట్టలు, తిండి పట్ల కూడా శ్రద్ధ పోయిందా అన్నది వైద్యుడికి చెప్పండి. దానికి చికిత్స దారి వేరు.

పై అంతస్తు ఆవిడ సామాను మెట్ల మీదికి కూడా వచ్చేసింది. అపార్టుమెంటు సంఘం ఏం చేయాలి?

మెట్లు, కారిడార్ అందరివీ. అక్కడ సామాను ఉండకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా చెబుతుంది, అందులో మొహమాటం అక్కర్లేదు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్టుమెంటు కింది భాగంలో నిల్వచేసిన రసాయన డబ్బాలు అంటుకుని పై అంతస్తుల్లో ఉన్న వాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒకరి నిల్వ ఇంకొకరి ప్రాణం.

అయితే పద్ధతి ఉంది. ఆవిడ ఫ్లాట్ ఫోటో సంఘం వాట్సాప్ గుంపులో పెట్టడం నీచం, దానివల్ల ఒక్క డబ్బా కూడా కదలదు. ఆవిడతో చనువున్న ఒక్కరు, వీలైతే ఒక ఆడమనిషి, వెళ్ళి ‘అక్కా, మెట్ల మీదివి ఆదివారం లోపల మీరు చెప్పిన చోట పెట్టిస్తాం, వాచ్‌మన్, నేను సాయం వస్తాం’ అని చెప్పాలి. ఉమ్మడి స్థలం సమస్యను, ఆవిడ ఇంటి లోపలి సమస్యను కలపకండి. మొదటిది నియమం, రెండోది సాయం. నియమాన్ని అందరి చెప్పుల స్టాండ్లకు, సైకిళ్ళకు, పూలకుండీలకు కూడా వర్తింపజేస్తేనే ఆవిడ నమ్ముతుంది. దీపావళికి ముందు బాల్కనీల్లోని అట్టపెట్టెలు, పాత పరుపులు లోపలికి తీయించడం మాత్రం మర్చిపోవద్దు. ఒక్క రాకెట్ చాలు.

మాట వినకపోతే స్థానిక అగ్నిమాపక కేంద్రం అధికారిని భవనం మొత్తానికి అవగాహన కోసం పిలవండి. ఒక్క ఫ్లాట్ మీద ఫిర్యాదుగా కాదు.

ఇంట్లో పిల్లలు కూడా ఉన్నారు.

వారికి పడుకోవడానికి, చదువుకోవడానికి ఖాళీ చోటు హక్కు, అందులో బేరం లేదు. పిల్లల ఆరోగ్యానికి ప్రమాదం కనిపిస్తే పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయవచ్చు.

పిల్లులు, కుక్కలు పదుల సంఖ్యలో ఉన్నాయి. ఇది కూడా అదేనా?

దగ్గరి సంబంధం ఉంది. సాకలేనన్ని జంతువులను చేరదీసి, వాటి ఆకలి, రోగం కనిపించకుండా పోవడం ఇందులో లక్షణం. వస్తువుల కంటే కష్టం, ఎందుకంటే వారి దృష్టిలో అది దయ. పశువైద్యుడిని, జంతు సంక్షేమ కార్యకర్తలను కలుపుకోకుండా మొదలుపెట్టకండి.

తీసిన సామాను ఎక్కడికి పంపాలి? ‘పారేయడం’ అనగానే ఏడుస్తున్నారు.

మంచి వార్త: మన వీధుల్లో పారేయడానికి బదులుగా చాలా మార్గాలున్నాయి. పాత పేపర్లు తూకానికి కొనేవారు వస్తారు. పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చే ఆవిడ వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: పది చీరలిచ్చి పది గిన్నెలు తెచ్చుకుంటే కుప్ప రంగు మారుతుంది, అంతే. పుస్తకాలు గ్రంథాలయానికి, దుప్పట్లు ఆశ్రమానికి. ‘ఎవరికో పనికొస్తుంది’ అన్నది వారు వస్తువును దాచుకోవడానికి చెప్పే కారణమే కదా. ఆ ‘ఎవరో’ ఎవరన్నది కళ్ళకు కనిపిస్తే చేయి వదులుతుంది. పాత మందులు, బ్యాటరీలు, పెయింటు డబ్బాలు విడిగా ఉంచి మున్సిపాలిటీ వారికి అప్పగించండి.

భోగి నాడు పాతవి వదిలే అలవాటు మనకు ఉన్నదే. ఆ రోజును వాడుకోండి, అయితే మంటలో వేయడానికి కాదు. ప్లాస్టిక్, రబ్బరు, రంగు వేసిన చెక్క మంటలో వేయకూడదు. భోగి ముందు వారంలో ఒక సంచి ఇంటి బయటికి వెళ్ళాలి అని మాట అనుకుంటే చాలు.

మంట అంటుకుంటే ఏం చేయాలి?

ఈ ఇంట్లో మంట కుప్పలకు పాకాక ఆర్పే ప్రయత్నం వద్దు. మామూలు ఇంట్లో కడాయిలో నూనె అంటుకుంటే స్టవ్ కట్టి మూత పెట్టమంటాం, నీళ్ళు పోయవద్దంటాం. అది ఇక్కడా నిజమే. ఏబీసీ పొడి రకం అగ్నిమాపక సిలిండర్ తలుపు దగ్గర ఉంచుకోవడం కూడా మంచిదే. కానీ మంట కుప్పను తాకిందంటే ఇక బయటికే. పొగ పైన ఉంటుంది, కాబట్టి వంగి లేదా పాకుతూ రావాలి. వచ్చేటప్పుడు వెనక తలుపు మూయండి. ఏ వస్తువు కోసమూ తిరిగి లోపలికి వెళ్ళకూడదు. పోగుచేసుకునేవారు సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు, అందుకే ఈ మాట ముందే, ప్రశాంతంగా ఉన్నప్పుడే అనేకసార్లు అనుకోవాలి. ఆస్తి కాగితాలు, పింఛను పుస్తకం, పెళ్ళి ఫోటోలు ఒక సంచిలో పెట్టి కూతురింట్లోనో, బ్యాంకు లాకర్‌లోనో ఉంచితే వెనక్కి వెళ్ళాల్సిన కారణం ముందే తీసేసినట్టు. 101కి ఫోను చేసేటప్పుడు ‘ఇంటి నిండా సామాను ఉంది, దారి ఇరుకు’ అని తప్పకుండా చెప్పండి. సిబ్బందికి లోపల ఎవరు ఏ గదిలో పడుకుంటారో కూడా చెప్పండి.

ఇది చదువుతుంటే నా ఇల్లే గుర్తొస్తోంది. నేనేం చేయాలి?

మీరు చదివారు, అదే చాలామంది ఏళ్ళ తరబడి చేయలేనిది. ఎవరికీ చూపించనక్కర్లేదు, ఎవరినీ పిలవనక్కర్లేదు. ఈ రాత్రి స్టవ్ చుట్టూ ఉన్నవి పక్కగదిలోకి జరపండి. రేపు మంచం నుంచి తలుపు దాకా దారి. ఏమీ పారేయకండి. ఆ తర్వాత 14416కి ఫోను చేసి, ‘నాకు వస్తువులు వదులుకోవడం కష్టంగా ఉంది’ అనే ఒక్క వాక్యం చెప్పండి. మిగతా ప్రశ్నలు వాళ్ళే అడుగుతారు.

ఎంతో కష్టపడి దారి చేశాం. రెండు నెలల్లో మళ్ళీ మూసుకుపోయింది.

మూసుకుపోతుంది. ఇది ఒకసారి చేసి ముగించే పని కాదు. అయితే రెండోసారి చేసేటప్పుడు ఒక సంగతి చూడండి: ఎక్కడి నుంచి నిండింది? గుమ్మం దగ్గరి నుంచైతే కొనడం, ఏరుకురావడం ఆగలేదని అర్థం, థెరపీలో ఆ భాగం మీద దృష్టి పెట్టమని అడగండి. కుప్పలు జారి నిండితే ఎత్తు తగ్గించాలి. దారికి రెండు వైపులా నేల మీద రంగు టేపు అతికించండి, గీత దాటిన వస్తువు వెనక్కి వెళ్ళాలన్నది ఒప్పందం. నెలకోసారి, పింఛను తెచ్చుకునే రోజున, దారి, స్టవ్, తీగలు, పొగ యంత్రం బ్యాటరీ ఈ నాలుగే చూడండి. మిగతా గదుల గురించి ఆ రోజు ఒక్క మాట కూడా ఎత్తకండి.